లాక్టిక్ యాసిడ్ మీద నింద ఎలా పడింది? ఎ.వి. హిల్ పరిశోధన, ఆయన పాఠం, తర్వాత వచ్చిన సవరణలు

తిరుమల మెట్ల దారిలో ఎక్కి దిగినవాళ్లకి మర్నాడు తొడలు పట్టేస్తాయి. జిమ్‌లో చేరిన మొదటి వారం చేతులు పైకి లేవవు. కానిస్టేబుల్ ఉద్యోగానికి 1600 మీటర్ల పరుగు సాధన చేసే కుర్రాడికి చివరి రౌండులో కాళ్లు మండిపోతాయి. మూడింటికీ వినిపించే సమాధానం ఒకటే: "లాక్టిక్ యాసిడ్ పేరుకుపోయింది." ఈ మాట ట్రైనర్లు పుట్టించింది కాదు. ఉన్నట్టుండి శ్రమ చేసినప్పుడు కండరాల్లో లాక్టిక్ ఆమ్లం చేరడం వల్ల అవి పట్టేస్తాయని ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకమే చెబుతుంది.

పరిగెడుతుండగా వచ్చే మంట వేరు, పిక్క కొంకర్లు పోవడం వేరు, మర్నాటి నొప్పి వేరు. మూడింటినీ ఒకే గాటన కట్టేసిన ఈ వివరణ మూలం వెతికితే బ్రిటిష్ శాస్త్రవేత్త ఆర్చిబాల్డ్ వివియన్ హిల్ దగ్గరికి చేరతాం. వ్యాయామ శరీరధర్మ శాస్త్రానికి పునాది వేసినవాళ్లలో ఆయన ముఖ్యుడు. పిల్లలకి, మామూలు జనానికి సైన్సు చెప్పడంలోనూ అంతే గట్టివాడు. ఆయన తన సిద్ధాంతాన్ని తప్పని తెలిసిన వెంటనే వదులుకున్నారు. పాఠాల్లోకి ఎక్కిన రూపం మాత్రం తొంభై ఏళ్లు దాటినా దిగలేదు. ఎందుకు దిగలేదో తెలియాలంటే, ఆయన ఏం కొలిచారో, ఎలా కొలిచారో ముందు చూడాలి.

కప్ప కండరంలో వేడిని కొలవడం

హిల్ 1886లో బ్రిస్టల్‌లో పుట్టారు. కేంబ్రిడ్జ్‌లో చదివింది గణితం. 1907 ఆనర్స్ పరీక్షలో మూడో స్థానం. తన ట్యూటర్, శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ ఫ్లెచర్ సలహాతో శరీరధర్మ శాస్త్రంలోకి మళ్లారు.

అదే 1907లో ఫ్లెచర్, జీవరసాయన శాస్త్రవేత్త హాప్కిన్స్ కలిసి ఒక చిక్కుముడి విప్పారు. లాక్టిక్ ఆమ్లం అంటే పెరుగుకి పులుపు తెచ్చే పదార్థమే. అది కండరంలో ఎంత ఉందో చూద్దామని ఎవరు ప్రయత్నించినా ఫలితాలు ఒకదానితో ఒకటి పొసిగేవి కావు. కండరాన్ని నూరుతుండగానే అందులో కొత్తగా ఆమ్లం తయారైపోవడమే కారణం. వీళ్లిద్దరూ కండరాన్ని మంచులా చల్లబరిచిన ఆల్కహాల్‌లో ముంచి అందులోనే నూరారు. అప్పుడు విషయం తేటపడింది: విశ్రాంతిగా ఉన్న కండరంలో ఆమ్లం చాలా తక్కువ, అలసిన కండరంలో ఎక్కువ, అలసిన కండరానికి ఆక్సిజన్ అందిస్తే అది తగ్గిపోతుంది.

హిల్ ఇదే ప్రశ్నని వేడి వైపు నుంచి పట్టుకున్నారు. కప్ప తొడ లోపలి వైపు పట్టీలా ఉండే సన్నని కండరాన్ని థర్మోపైల్ మీద పరిచేవారు. రెండు రకాల లోహాల అతుకులు వరసగా ఉండే పరికరం అది. అతుకు కాస్త వేడెక్కితే అతి చిన్న విద్యుత్తు పుడుతుంది. ఆ విద్యుత్తు గాల్వనోమీటర్ అద్దాన్ని తిప్పుతుంది, అద్దం మీద పడిన వెలుగు చుక్క స్కేలు మీద జరుగుతుంది. ఒక్కసారి ముడుచుకున్న కండరం వేడెక్కేది డిగ్రీలో వెయ్యో వంతుల్లోనే. ముడుచుకుంటూ కండరం రవ్వంత జారినా వేరే వేడి ఉన్న భాగం అతుకుల మీదికి వచ్చి లెక్క తప్పుతుంది. పరికరం వెంటనే స్పందించదు కాబట్టి ఆ ఆలస్యాన్ని కూడా తీసేయాలి. అందుకని చచ్చిన కండరాన్ని విద్యుత్తుతో తెలిసినంత వేడి చేసి, చుక్క ఎలా కదులుతుందో ముందే గీసి పెట్టుకునేవారు. గణితం చదివిన మనిషి చెయ్యి ఇక్కడ బాగా కనిపిస్తుంది.

వేడి రెండు విడతల్లో వస్తుందని తేలింది. ముడుచుకునేటప్పుడు ఒకటి, అంతా అయిపోయాక నిమిషాల తరబడి నెమ్మదిగా రెండోది. ఆక్సిజన్ తీసేసి నైట్రోజన్‌లో ఉంచితే మొదటి విడత మారలేదు, రెండో విడత దాదాపు పోయింది. అంటే కండరం ముడుచుకోవడానికి అప్పటికప్పుడు ఆక్సిజన్ అక్కర్లేదు. తర్వాత కోలుకోవడానికి కావాలి. జర్మనీలో ఒట్టో మెయర్‌హాఫ్ రసాయన లెక్కలు కూడా దీనితో కలిశాయి. 1922 నోబెల్ బహుమతి ఇద్దరికీ కలిపి ఇచ్చారు.

కప్ప నుంచి మనిషికి: ఊపిరిని సంచిలో పట్టడం

కప్ప కండరంలో చూసింది పరిగెత్తే మనిషిలో కూడా నిజమేనా? మాంచెస్టర్‌లో హిల్, హార్ట్‌లీ లప్టన్ గడ్డి మీద గుండ్రటి బాట వేసి, వదిలిన ఊపిరిని పట్టే డగ్లస్ సంచి వీపున కట్టుకుని పరిగెత్తి చూశారు. ప్రయోగానికి శరీరం ఇచ్చినవాళ్లలో హిల్ కూడా ఉన్నారు. ఆయన పరుగు పందేల మనిషి. ఫలితాలు 1923లో అచ్చయ్యాయి.

సంచి పద్ధతి ఈ రోజుకీ ప్రామాణికమే. ముక్కుకి క్లిప్పు, నోట్లో రబ్బరు గొట్టం, పీల్చే గాలిని వదిలే గాలిని విడదీసే కవాటం. ఒక నిమిషం పాటు వదిలిన గాలి అంతా సంచిలోకి వెళుతుంది. తర్వాత దాని పరిమాణం మీటరుతో కొలుస్తారు. అప్పట్లో కొంచెం గాలి తీసి, క్షార ద్రావణంతో కార్బన్ డయాక్సైడ్‌ని, పైరోగాలాల్‌తో ఆక్సిజన్‌ని పీల్చేసి, ఎంత తగ్గిందో చూసేవారు.

ఒక లెక్క వేద్దాం. విశాఖపట్నంలో 70 కిలోల మనిషి గట్టిగా పరిగెడుతూ నిమిషానికి 80 లీటర్ల గాలి వదిలాడనుకోండి. పీల్చే గాలిలో ఆక్సిజన్ 20.93 శాతం, వదిలిన దానిలో 16.5 శాతం. తేడా 4.43 శాతం. 80ని దానితో హెచ్చిస్తే 3.54 లీటర్లు. బరువుతో భాగిస్తే కిలోకి 50.6 మిల్లీలీటర్లు.

ఈ అంకె తప్పు. సంచిలో గాలి 30 డిగ్రీల వేడిలో, నీటి ఆవిరితో నిండి ఉంది. దాన్ని సున్నా డిగ్రీలకి, పొడి గాలికి మారిస్తే 80 లీటర్లు కాస్తా 69 లీటర్లు అవుతుంది. అప్పుడు ఆక్సిజన్ 3.06 లీటర్లు. పీల్చిన, వదిలిన పరిమాణాలు సరిగ్గా సమానం కావు కాబట్టి నైట్రోజన్ ఆధారంగా ఆ చిన్న సవరణ కూడా చేస్తే సుమారు 3.1 లీటర్లు, కిలోకి 44 మిల్లీలీటర్లు. ఉష్ణోగ్రత మర్చిపోయినందుకు 50 కనబడాల్సి వచ్చింది. మామూలు మనిషిని మంచి అథ్లెట్‌గా చూపించేంత తేడా ఇది. నోటి దగ్గర గొట్టం కాస్త వదులైనా, రబ్బరు సంచిని ఎక్కువసేపు వదిలేసి కార్బన్ డయాక్సైడ్ జారిపోయినా ఇలాంటి పొరపాట్లే వస్తాయి.

వేగం పెంచుతూ పోతే ఆక్సిజన్ వాడకం కూడా పెరుగుతుంది, ఒక చోట ఆగిపోతుంది. హిల్ విషయంలో అది నిమిషానికి సుమారు 4 లీటర్లు. దాన్నే ఇప్పుడు వీఓటూ మ్యాక్స్ అంటున్నాం. స్మార్ట్‌వాచీలు చూపించే అంకె ఇదే. అయితే వాచీ ఊపిరిని కొలవదు, గుండె వేగం, పరుగు వేగం చూసి అంచనా కడుతుంది.

ఆక్సిజన్ అప్పు

గరిష్ఠం దాటి పరిగెత్తితే శక్తి ఎక్కడిది? హిల్ సమాధానం: అప్పు.

65 కిలోల అభ్యర్థి 1600 మీటర్లు 6 నిమిషాల్లో పరిగెత్తాలంటే నిమిషానికి 267 మీటర్లు. సాధారణంగా వాడే సూత్రం ప్రకారం ఆ వేగానికి కిలోకి నిమిషానికి సుమారు 57 మిల్లీలీటర్ల ఆక్సిజన్ కావాలి. అతని గరిష్ఠం 50 అనుకుందాం. లోటు 7. అంటే నిమిషానికి 455 మిల్లీలీటర్లు, 6 నిమిషాలకి సుమారు 2.7 లీటర్లు. మొదట్లో గుండె, ఊపిరి పుంజుకునే దాకా ఏర్పడే లోటు దీనికి అదనం. పరుగు ఆగాక చాలాసేపు రొప్పుతూ ఎక్కువ ఆక్సిజన్ లాగేది ఈ బాకీ తీర్చడానికే అని హిల్ చెప్పారు. బాకీ అంటే పోగుపడిన లాక్టిక్ ఆమ్లం. అందులో ఐదో వంతు మండి, ఆ శక్తితో మిగిలింది మళ్లీ గ్లైకోజన్‌గా మారుతుందని ఆయన లెక్క. గ్లైకోజన్ అంటే కండరంలో దాచుకున్న పిండి పదార్థం.

కప్ప కండరంలో వేడి, గడ్డి మీద పరుగు, ఆమ్లం రసాయనం: మూడూ ఒకే కథలో ఇమిడాయి. అంత చక్కగా ఇమిడిన కథని అనుమానించడం కష్టం.

పాఠం ఎందుకు అంత గట్టిగా నిలిచింది

1923లో హిల్ లండన్ యూనివర్సిటీ కాలేజీకి వెళ్లారు. 1926లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ వారి క్రిస్మస్ ఉపన్యాసాలు ఇచ్చారు. ఫారడే కాలం నుంచి పిల్లల కోసం, ప్రయోగాలు చేసి చూపిస్తూ నడిచే వరస అది. నరాలు, కండరాలు ఎలా పనిచేస్తాయన్నది ఆయన అంశం. మరుసటి ఏడు అవి పుస్తకంగా వచ్చాయి. ఆయన పాఠాల్లో పరుగు పందేల రికార్డులు కూడా సైన్సు సామగ్రే. 1927లో అమెరికాలోని కార్నెల్‌కి వెళ్లినప్పుడు పరుగు బాట పక్కన దూరం కొలిచి తీగ చుట్టలు నిలబెట్టి, పరిగెత్తేవాడి ఒంటికి అయస్కాంతపు బద్ద కట్టారు. అతను ఒక్కో చుట్ట దాటినప్పుడల్లా గాల్వనోమీటర్ కదిలేది. వేగం ఎక్కడ పెరిగి ఎక్కడ తగ్గిందో విద్యార్థులకి కళ్లకి కట్టేది. విద్యుదయస్కాంత ప్రేరణ పాఠం, పరుగు పాఠం ఒకేసారి.

ఆయనకి ఇండియాతో కూడా సంబంధం ఉంది. 1943 చివర్లో ప్రభుత్వ ఆహ్వానం మీద వచ్చి, నెలల తరబడి ప్రయోగశాలలు తిరిగి, దేశంలో శాస్త్ర పరిశోధన ఎలా ఉండాలో 1944లో నివేదిక ఇచ్చారు.

అప్పు అన్న పోలిక పాఠానికి అచ్చంగా సరిపోయింది. తీసుకున్నది, తీర్చింది, మధ్యలో వడ్డీ లాంటి రొప్పు. అంగట్లో ఖాతా చూసిన ఏ పిల్లాడికైనా అర్థమవుతుంది. పోలిక సులువుగా అర్థమైతే దానిలో దూరిన రసాయనం కూడా నిజమే అనిపిస్తుంది. పాఠ్యపుస్తకం రాసేవాళ్లు పోలికని ఉంచుకున్నారు, దానికి అంటుకున్న లాక్టిక్ ఆమ్లాన్ని కూడా ఉంచేశారు. నా దృష్టిలో అసలు చిక్కు ఇదే.

ఆలస్యంగా తేలిన నీలి రంగు

హిల్ కథకి గండి కొట్టినవాళ్లలో ఒకరు మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. కండరం నుంచి ప్రోటీన్ తీసేసి, వడకట్టిన ద్రవానికి ఆమ్లంలో అమ్మోనియం మాలిబ్డేట్ కలిపి, రంగు తెప్పించే మరో రసాయనం వేస్తారు. ఫాస్ఫేట్ ఎంత ఉంటే నీలం అంత చిక్కగా వస్తుంది. పక్కన తెలిసిన ద్రావణం పెట్టి పోలుస్తారు.

తెలిసిన ద్రావణంలో రంగు త్వరగా వచ్చి స్థిరపడేది. కండరపు ద్రవంలో మాత్రం నీలం మెల్లమెల్లగా చిక్కబడుతూనే ఉండేది. పరీక్ష చెడిందని పారబోయకుండా వాళ్లు కారణం వెతికారు. ఆ ద్రవంలో తేలిగ్గా విడిపోయే ఒక ఫాస్ఫేట్ ఉంది, పరీక్షలో వాడే ఆమ్లమే దాన్ని కొద్దికొద్దిగా విడగొడుతోంది. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927. కండరాన్ని పని చేయిస్తే అది తగ్గింది, విశ్రాంతి ఇస్తే మళ్లీ పెరిగింది. అదే సమయంలో లండన్‌లో, హిల్ విభాగంలోనే, ఎగిల్టన్ దంపతులకి కూడా ఈ పదార్థం దొరికింది. 1929లో కణాలకి నేరుగా శక్తినిచ్చే పదార్థం ఏటీపీ బయటపడింది: జర్మనీలో లోమన్, హార్వర్డ్‌లో ఫిస్కే, సుబ్బారావు.

1930లో డెన్మార్క్‌లో ఐనార్ లుండ్స్‌గార్డ్ దెబ్బ గట్టిగా తగిలింది. అయొడోఎసిటిక్ ఆమ్లం ఎక్కించిన కప్ప కండరంలో లాక్టిక్ ఆమ్లం తయారుకాదు. అయినా ఆ కండరం పదేపదే ముడుచుకుంది, ఫాస్ఫోక్రియాటిన్ అయిపోయేదాకా. కండరాన్ని కదిలించేది లాక్టిక్ ఆమ్లమే అయితే ఇది జరగకూడదు.

హిల్ పాత మాటకి పట్టుబట్టలేదు. 1932లో కండర శాస్త్రంలో వచ్చిన ఈ విప్లవం గురించి తానే సమీక్ష రాసి, లాక్టిక్ ఆమ్లం సిద్ధాంతాన్ని పక్కన పెట్టారు. కొత్త సిద్ధాంతాన్నీ ఊరికే ఒప్పుకోలేదు. బతికున్న కండరం ఒక్కసారి ముడుచుకున్నప్పుడు ఏటీపీ తగ్గినట్టు చూపించండని 1950లో జీవరసాయన శాస్త్రవేత్తలకి సవాలు విసిరారు. ఏటీపీ తగ్గీ తగ్గగానే ఫాస్ఫోక్రియాటిన్ దాన్ని నింపేస్తుంది కాబట్టి తేడా కనబడేది కాదు. 1962లో కెయిన్, డేవిస్ ఆ నింపే ఎంజైమ్‌ని విషంతో ఆపి, ఏటీపీ తగ్గడాన్ని కొలిచి చూపించారు.

ఇప్పటికీ తెగని వాదాలు

అప్పు లెక్కని 1933లోనే హార్వర్డ్‌లో మార్గారియా, ఎడ్వర్డ్స్, డిల్ సవరించారు. మొదట త్వరగా తీరే భాగానికి లాక్టిక్ ఆమ్లంతో పనిలేదని చూపించారు. 1984లో గేసర్, బ్రూక్స్ అసలు అప్పు అన్న మాటే వద్దన్నారు. వ్యాయామం తర్వాత అదనంగా పీల్చే ఆక్సిజన్‌లో ఫాస్ఫోక్రియాటిన్ నింపే ఖర్చు ఉంది, పెరిగిన ఒంటి వేడి ఖర్చు ఉంది, వేగంగా కొట్టుకునే గుండె ఖర్చు ఉంది. బాకీకి, చెల్లింపుకి సరిగ్గా పొత్తు కుదరదు.

లాక్టేట్ అంటే ఒంట్లో లాక్టిక్ ఆమ్లం ఉండే రూపం. అది వ్యర్థం కాదన్నది కూడా బ్రూక్స్ వాదమే. ఒక కండరంలో పుట్టింది గుండెకి, మరో కండరానికి ఇంధనం అవుతుంది, కాలేయంలో మళ్లీ గ్లూకోజ్ అవుతుంది. దీని మీద ఇప్పుడు పెద్ద గొడవ లేదు. గొడవ పులుపు గురించి. కండరం ఆమ్లమయం కావడానికి లాక్టిక్ ఆమ్లం కారణం కాదని, పులుపు తెచ్చే హైడ్రోజన్ అయాన్లు ఏటీపీ విడిపోవడంలో వస్తాయని 2004లో రాబర్గ్స్ బృందం వాదించింది. అయాన్ల మొత్తం జమాఖర్చు చూస్తే ఆ మాట నిలవదని ఇతరులు గట్టిగా బదులిచ్చారు. రెండు పక్షాలూ ఒప్పుకునేది ఒకటుంది: లాక్టేట్ పెరగడం, కండరం పులవడం కలిసే జరుగుతాయి. కాబట్టి రక్తంలో లాక్టేట్ కొలత కోచ్‌కి పనికొస్తుంది.

అలసట సంగతీ మారింది. చల్లటి కప్ప కండరంలో ఆమ్లం బలాన్ని బాగా తగ్గిస్తుంది. మన ఒంటి వేడి దగ్గర ఆ ప్రభావం చాలా తక్కువ. ఫాస్ఫోక్రియాటిన్ విడిపోగా మిగిలే ఫాస్ఫేట్ మీద ఇప్పుడు అనుమానం ఎక్కువ. పరిగెడుతున్నప్పటి మంటలో ఆమ్లానికి కొంత వాటా ఉండొచ్చు. కొంకర్లకి మాత్రం నరాల అలసట కారణమని కొందరు, నీరు, లవణాలు తగ్గడమని కొందరు అంటున్నారు.

గరిష్ఠం గురించి మరో తగవు. చాలామందిలో ఆక్సిజన్ వాడకం చదునుగా ఆగినట్టు కనబడదని, గుండెని కాపాడటానికి మెదడే వేగాన్ని ఆపుతుందని దక్షిణాఫ్రికా శాస్త్రవేత్త టిమ్ నోక్స్ 1990ల నుంచి అంటున్నారు. గుండెని కాపాడే ఏర్పాటు ఉండొచ్చన్న ఊహ హిల్ రాతల్లోనే ఉంది. బాసెట్, హౌలీ మాత్రం గుండె సరఫరాయే హద్దు అన్నారు. పై లెక్కలోని 3.1 లీటర్లు వాళ్ల పద్ధతిలో చూస్తే: గుండె నిమిషానికి తోసేది 20 లీటర్ల రక్తం, ఒక్కో లీటరు నుంచి కండరాలు తీసుకునేది 155 మిల్లీలీటర్ల ఆక్సిజన్. మనిషి రక్తాన్ని కొంత తీసి పరీక్షిస్తే గరిష్ఠం తగ్గుతుంది, ఎక్కిస్తే పెరుగుతుంది. ఈ ఆధారం బలమైనదని నా అభిప్రాయం. ఎప్పుడు ఆగిపోవాలో నిర్ణయించడంలో మెదడు పాత్ర దానితో కొట్టివేయబడదు.

మెట్లు దిగితే మర్నాడు నొప్పి ఎందుకు

60 కిలోల మనిషి 17 సెంటీమీటర్ల మెట్టు ఎక్కితే సుమారు 100 జౌళ్ల పని. దిగితే అంతే శక్తిని కాళ్లు బ్రేకులా ఆపాలి. దిగేటప్పుడు తొడ ముందు కండరం బరువు మోస్తూనే సాగుతుంది.

ఇది చూపించడానికి 1952లో హిల్ ఉన్న కాలేజీలోని ఆబట్, బిగ్లాండ్, రిచీ రెండు సైకిళ్లని వెనక భాగాలు ఎదురెదురుగా పెట్టి ఒకే గొలుసుతో కలిపారు. ఒకరు ముందుకి తొక్కుతారు, రెండోవారు వెనక్కి తిరిగే పెడళ్లని ఆపడానికి నొక్కుతారు. ఇద్దరి మీదా ఒకే బలం, ఒకే వేగం. తొక్కేవారికి అయ్యే ఆక్సిజన్ ఖర్చు, వేగాన్ని బట్టి, ఆపేవారికంటే సుమారు రెండున్నర రెట్ల నుంచి ఐదు రెట్ల దాకా ఉంది. రాయల్ సొసైటీ ప్రదర్శనలో సన్నటి యువతి పెద్దగా కష్టపడకుండానే ఎదుటి సైకిల్ మీది యువకుణ్ణి అలసిపోయేలా చేసింది. ఆ దృశ్యాన్ని అందరూ ఎంత ఆనందించారో హిల్ తర్వాత రాశారు.

సాగుతూ పనిచేసే కండరానికి ఖర్చు తక్కువ, కాబట్టి లాక్టేట్ కూడా తక్కువ. కానీ ఒక్కో నారు మీద పడే ఒత్తిడి ఎక్కువ. లోపలి సన్నని నిర్మాణం అక్కడక్కడా చెదురుతుంది. దాన్ని బాగుచేసుకునే క్రమంలో వచ్చే వాపు వల్ల నొప్పి 24 నుంచి 72 గంటల మధ్య ముదురుతుంది. రక్తంలో పెరిగిన లాక్టేట్ అయితే గంట అటూ ఇటూగా మామూలుకి వచ్చేస్తుంది.

1983లో ష్వేన్ బృందం రెండింటినీ నేరుగా పోల్చింది. ట్రెడ్‌మిల్ మీద కొందరిని సమతలంగా, కొందరిని 10 శాతం వాలులో కిందికి, 45 నిమిషాలు పరిగెత్తించారు. సమతలంలో పరిగెత్తినవాళ్లకి లాక్టేట్ పెరిగింది, తర్వాత చెప్పుకోదగ్గ నొప్పి రాలేదు. వాలులో దిగినవాళ్లకి లాక్టేట్ పెరగలేదు, నొప్పి వచ్చింది. అదే దిగుడు కొన్ని వారాల్లో మళ్లీ చేస్తే నొప్పి బాగా తగ్గుతుంది.